కుట్టు లైనులో ఉద్యోగిని ఎదుగుదల, నిలదొక్కుకునే శక్తి: విశాఖ దుస్తుల కర్మాగారాల సూపర్‌వైజర్లకు, సంక్షేమ అధికారులకు ఒక మార్గదర్శిని

విశాఖపట్నం ప్రాంతంలో దుస్తుల పరిశ్రమ అనగానే రెండు చోట్లు గుర్తుకు వస్తాయి. ఒకటి, 1989లో ఎగుమతుల మండలిగా ఏర్పడి తరువాత ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన దువ్వాడ. రెండవది, 2022 జిల్లాల పునర్విభజనలో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా ఉపాధి రీత్యా విశాఖతో ముడిపడే ఉన్న అచ్యుతాపురం, అక్కడ వెయ్యి ఎకరాల్లో ఏర్పాటైన శ్రీలంక దుస్తుల సంస్థ బ్రాండిక్స్ ప్రాంగణం. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం, అనకాపల్లి, ఎలమంచిలి, రాంబిల్లి వైపుల నుంచి పొద్దున్నే బయలుదేరే కంపెనీ బస్సుల్లో అత్యధికులు మహిళలే. వారిలో చాలామందికి ఇది మొదటి నెలజీతపు ఉద్యోగం. కొందరి ఇళ్లల్లో బ్యాంకు ఖాతాలో జీతం పడిన మొదటి మనిషి కూడా ఆమే.

ఈ మార్గదర్శిని ఆ మహిళలతో రోజూ మాట్లాడే లైను సూపర్‌వైజర్లు, ఫ్లోర్ ఇన్‌చార్జులు, హెచ్.ఆర్. సిబ్బంది, సంక్షేమ అధికారుల కోసం రాసినది. ఉద్యోగుల ఎదుగుదల అంటే శిక్షణ తరగతి అనీ, నిలదొక్కుకునే శక్తి అంటే ప్రేరణ ఉపన్యాసం అనీ అనుకునే అలవాటు మన కర్మాగారాల్లో బలంగా పాతుకుపోయింది. తరగతులు అవసరమే. కానీ ఒక ఆపరేటరు ఎదుగుతుందా, ఆరు నెలలకే మానేస్తుందా అన్నది ఎక్కువగా మిషను దగ్గర, గంట గంటకూ జరిగే వ్యవహారంలోనే తేలిపోతుంది. కష్టకాలాన్ని తట్టుకోమని మనం ఆమెను అడిగే ముందు, తట్టుకోగలిగే విధంగా లైనును, జీతాన్ని, సెలవును, మాటతీరును ఏర్పాటు చేయవలసిన బాధ్యత మనదని నేను గట్టిగా నమ్ముతాను. కింది సూచనలన్నీ ఆ నమ్మకం మీద ఆధారపడినవే.

మొదటి మూడు నెలలు

మానేసేవారిలో పెద్ద భాగం చేరిన తొలి నెలల్లోనే వెళ్లిపోతారన్న సంగతి ఈ పరిశ్రమలో ఎవరికీ కొత్త కాదు. శిక్షణ గదిలో ముందు దారం లేకుండా కాగితం మీద, తరువాత గుడ్డముక్కల మీద కుట్టు నేర్చుకున్న అమ్మాయి ఒక్కసారిగా లైనులోకి వచ్చేసరికి, ఎదుట బండిళ్లు, అంటే కుట్టవలసిన ముక్కల కట్టలు, పేరుకుపోతుంటాయి, తరువాతి ఆపరేటరు ముక్కల కోసం ఎదురుచూస్తుంటుంది, బోర్డు మీద గంట గంటకూ అంకె పడుతుంటుంది. చేతకాకపోవడం కంటే నలుగురి ముందు చేతకానిదానిగా కనిపించడమే ఆమెను ఇంటికి పంపేస్తుంది. కనుక మొదటి జాగ్రత్తగా, కొత్త ఆపరేటరును లైనులో పని అన్నిటికంటే ఎక్కువగా పేరుకుపోయే ఆపరేషన్ (వస్త్రం కుట్టడంలో ఒక్కొక్కరు చేసే దశ) మీద కూర్చోబెట్టకూడదు. కాలర్ అతికించడం, స్లీవ్ అతికించడం వంటివి అనుభవజ్ఞులకు వదిలి, పొట్టి తిన్నని కుట్టు ఉన్న పనిని ఆమెకు ఇవ్వాలి. ఆమెకూ తరువాతి ఆపరేటరుకూ మధ్య కనీసం ఒక బండిల్ నిల్వ ఉండేటట్లు చూస్తే, ఆమె ఆలస్యం వల్ల తరువాతి మిషను ఆగదు, ఆ నింద ఆమె మీద పడదు.

పని నేర్పే పద్ధతికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కర్మాగారాల్లో రూపుదిద్దుకున్న నాలుగు మెట్ల క్రమం నేటికీ మించినది లేదు. మొదట ఆమెకు ఇప్పటికే ఏమి వచ్చో అడిగి బెరుకు పోగొట్టాలి. రెండవది, పనిని నెమ్మదిగా చేసి చూపిస్తూ ప్రతి కదలికకూ కారణం చెప్పాలి; ఎడమచెయ్యి గుడ్డను ఎక్కడ పట్టుకోవాలో, పెడల్ మీద పాదం ఎప్పుడు వదలాలో చెప్పకుండా వేగంగా కుట్టి చూపించి లేచిపోవడం నేర్పడం అనిపించుకోదు. మూడవది, ఆమె చేత చేయించి, చేస్తూ తానే కారణాలు చెప్పేటట్లు చూడాలి. నాలుగవది, ఒంటరిగా వదిలి, సందేహం వస్తే ఎవరిని అడగాలో పేరుతో సహా చెప్పి, మొదట అరగంటకోసారి, తరువాత రోజుకు రెండుసార్లు వచ్చి చూడాలి. మన ఫ్లోర్లలో రెండో మెట్టు జరుగుతుంది, మిగిలిన మూడూ తరచు జరగవు.

టార్గెట్‌ను మెట్లుగా పెట్టడం కూడా అంతే ముఖ్యం. ఒక ఆపరేషన్‌కు నిర్ణయించిన ప్రామాణిక సమయం 0.75 నిమిషం అనుకుంటే, నూరు శాతం సామర్థ్యంతో గంటకు 80 ముక్కలు రావాలి. కొత్త ఆపరేటరుకు మొదటి వారమే బోర్డు మీద 80 అని రాయడం అన్యాయం. మొదటి వారం 32, రెండో వారం 40, నాలుగో వారానికి 48, రెండు నెలలకు 56 నుంచి 60 అని ఆమె మిషను మీద విడిగా ఒక చీటీ అంటించి, ఆ చీటీలోని అంకెతోనే ఆమెను కొలవాలి. ఆ రోజు 40కి 42 వస్తే ఆమె గెలిచినట్లే. 80లో సగమే వచ్చిందన్న మాట ఎవరి నోటా రాకూడదు.

ప్రతి కొత్త ఉద్యోగినికీ ఒక తోడు అవసరం. ఆ తోడును ఆమె ఎక్కే బస్సులోంచే, వీలైతే పక్క ఊరి నుంచే ఎంచుకోవడం మంచిది. క్యాంటీన్‌లో ఎక్కడ కూర్చోవాలి, నెలసరి రోజుల్లో ఎవరికి చెప్పాలి, బస్సు తప్పిపోతే ఏం చేయాలి వంటి ప్రశ్నలను కొత్తమ్మాయి సూపర్‌వైజరును అడగదు, "అక్కా" అని పిలవగలిగిన మనిషినే అడుగుతుంది. తోడుగా ఉన్న అక్క ఇందుకోసం వెచ్చించే నిమిషాలు ఆమె ఇన్సెంటివ్‌ను (ఉత్పత్తిని బట్టి జీతానికి అదనంగా వచ్చే డబ్బును) తగ్గించకుండా లెక్కలో సర్దాలి. లేకపోతే మంచి మనసుకు మనమే జరిమానా వేసినట్లు అవుతుంది.

ఇంకొక చిన్న విషయం ఉంది, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. మరుగుదొడ్డికి వెళ్లాలంటే టోకెన్ తీసుకోవలసిన చోట, లేచి వెళ్లగానే సూపర్‌వైజరు గడియారం చూసే చోట, మహిళలు నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, తలనొప్పి, నీరసం వస్తాయి, ఆపై గైర్హాజరు. లేచి వెళ్లినవారి చోట కాసేపు కూర్చుని కుట్టే రిలీవరు లైనుకు ఒకరు ఉంటే ఈ సమస్య చాలావరకు పోతుంది. కొత్తగా చేరిన వారికి మొదటి రోజే, అందరి ముందూ, ఎప్పుడు వెళ్లాలన్నా వెళ్లవచ్చని నోటితో చెప్పాలి.

టార్గెట్ గురించి మాట్లాడే తీరు

గంట తరువాత గంట అంకెలు రాసే బోర్డు మన ఫ్లోర్లలో ఉద్యోగినికి రోజంతా ఎదురుగా ఉండే తీర్పు పత్రంలా మారింది. ఆ బోర్డు పుట్టిన ఉద్దేశం వేరు. ఏ గంటలో ఏ ఆటంకం వచ్చిందో వెంటనే పట్టుకోవడానికి అది పెట్టినది. కాబట్టి ప్రతి గంట అంకె పక్కన కారణం రాసే గడి తప్పక ఉండాలి, ఆ గడి నిండకుండా తరువాతి గంట అంకె రాయకూడదు.

అంకె తగ్గినప్పుడు సూపర్‌వైజరు నోట వచ్చే మొదటి వాక్యం మీద చాలా ఆధారపడి ఉంటుంది. "ఏటమ్మా, ఇవేనా ముక్కలు? ఇంటికాడ కూర్చోకపోయావా?" అన్న మాట ఉత్తరాంధ్ర ఫ్లోర్లలో ఎంత మామూలైపోయిందంటే, అన్నవారికి తాము అవమానించామన్న స్పృహ కూడా ఉండదు. అదే చోట, "ఈ గంటలో ముప్పై రెండే వచ్చాయమ్మా, మిషను ఇబ్బందా, బండిల్ ఆలస్యమా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే జవాబు వస్తుంది. "పొద్దుట్నుంచీ దారం తెగిపోతంది సార్, నాలుగుసార్లు ఎక్కించినాను" అని ఆమె అన్నదంటే, లోపం సూది మొనలోనో దారం బిగువులోనో ఉన్నదని, మెకానిక్‌ను గంట క్రితమే పిలవవలసిందని అర్థం. మిషను, బండిల్, ఒళ్లు అన్న మూడు ప్రశ్నలు ఈ క్రమంలోనే అడగాలన్నది నా సలహా. ముందుగా యంత్రాన్ని అనుమానించడం వల్ల మనిషికి ఊపిరి అందుతుంది, పైగా చాలాసార్లు నిజం కూడా అక్కడే దొరుకుతుంది.

నాణ్యత విషయంలోనూ ఇదే నియమం. నూరు వస్త్రాలు తనిఖీ చేస్తే ఎన్ని లోపాలు దొరికాయన్న లెక్క ప్రతి లైనుకూ ఉంటుంది. ఆల్టర్‌కు, అంటే సరిచేయడానికి, వెనక్కి వచ్చిన ముక్కను గాలిలోకి ఎత్తి చూపించి అరవడం వలన స్కిప్ స్టిచ్ (మధ్యలో కుట్టు పడకపోవడం) తగ్గదు. ఆ ఆపరేటరు భయంతో మరింత నెమ్మదిస్తుంది, లేదా లోపం ఉన్న ముక్కను బండిల్ అడుగున దాచి ముందుకు తోసేస్తుంది. రెండోది ఎగుమతి ఆర్డరుకు అసలైన ప్రమాదం. ముక్కను తీసుకుని ఆమె మిషను దగ్గరకు వెళ్లి, పక్కన వంగి, లోపం ఎక్కడ పుట్టిందో ఇద్దరూ కలిసి చూడాలి. తన ముక్కలోని లోపాన్ని తానే పట్టుకుని, నాణ్యత తనిఖీ చేసే చెక్కర్‌కు చూపించిన ఆపరేటరును ఆ రోజు లైను సమావేశంలో పేరు చెప్పి మెచ్చుకోవాలి, ఆ లోపాన్ని ఆమె ఖాతాలో వేయకూడదు.

విరిగిన సూది విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. ముక్కలన్నీ దొరికే వరకు పని ఆపడం పిల్లల దుస్తులు కుట్టే చోట ప్రాణాలకు సంబంధించిన నియమం. ఆ ఆగిన నిమిషాలను ఆపరేటరు లెక్కలోంచి తీసివేస్తున్నామని ముందే చెప్పి ఉంచితే, సూది విరిగిన సంగతిని దాచవలసిన అవసరం ఎవరికీ రాదు.

రెండో ఆపరేషన్

ఒకే ఆపరేషన్ మీద మూడేళ్లు కూర్చున్న మహిళ ఆ పనిలో నిపుణురాలు అవుతుంది, కానీ ఎదగదు. స్టైల్, అంటే కుట్టే వస్త్రం నమూనా, మారి ఆ ఆపరేషనే లేకుండా పోయిన రోజున ఆమె మళ్లీ కొత్త మనిషి. ఇంకో ఆపరేషన్ వచ్చి ఉండటమే దుస్తుల కర్మాగారంలో ఉద్యోగినికి నిజమైన బీమా. లైనుకు కూడా అదే బీమా.

ఇందుకు ప్రతి లైనులో ఒక నైపుణ్య పట్టిక పెట్టాలి. నిలువు వరుసలో పేర్లు, అడ్డ వరుసలో ఆపరేషన్లు. ప్రతి గడిలో ఒక గుండ్రాన్ని నాలుగు భాగాలు చేసి, నేర్చుకుంటున్నవారికి ఒక భాగం, సహాయంతో చేయగలిగితే రెండు, ఒంటరిగా ప్రామాణిక నాణ్యతతో చేయగలిగితే మూడు, ఇతరులకు నేర్పగలిగితే నాలుగు నింపాలి. ఈ పట్టిక ఆఫీసు కంప్యూటర్లో ఉంటే ప్రయోజనం లేదు. లైను మొదట్లో, అందరికీ కనిపించే చోట, తెలుగులో ఉండాలి. ఎవరికి వారు తమ వరుసలో తరువాత ఏ గడి నింపుకోవాలనుకుంటున్నారో పెన్సిల్‌తో చుక్క పెట్టుకునే వీలు ఇవ్వాలి. ఆ చుక్కను గౌరవించడం సూపర్‌వైజరు బాధ్యత.

నేర్చుకునే సమయం ఎక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనదే. స్టైల్ మార్పు జరిగే రోజుల్లో లైను ఎలాగూ కొంతసేపు ఆగుతుంది. కటింగ్ ఆలస్యమైన రోజుల్లో లైనుకు ముక్కల సరఫరా ఉండదు. ఆ ఖాళీలను ముందుగానే నేర్చుకునే సమయంగా ప్రకటించి, ఎవరు ఏ మిషను మీద కూర్చోవాలో చీటీ తయారుగా ఉంచుకుంటే, వారానికి అరగంట ఎవరికైనా దొరుకుతుంది. సింగిల్ నీడిల్ మిషను మీద ఉన్నవారికి ఓవర్‌లాక్, ఓవర్‌లాక్ మీద ఉన్నవారికి ఫ్లాట్‌లాక్, ఆ తరువాత బార్‌టాక్, బటన్ హోల్ వంటివి నేర్పడం సహజమైన క్రమం.

ఇక్కడ ఒక అన్యాయం తరచు జరుగుతుంది, దాన్ని సరిచేయకపోతే పైన చెప్పినదంతా వృథా. నాలుగు పనులు వచ్చిన ఆపరేటరును ప్రతిరోజూ ఎవరో ఒకరు రాని చోటికి మారుస్తారు. కొత్త మిషను మీద చెయ్యి కుదిరేసరికి రోజు గడిచిపోతుంది, ఆమె ఇన్సెంటివ్ పడిపోతుంది. ఒకే పని వచ్చిన పక్కామె మాత్రం నెలాఖరుకు ఎక్కువ డబ్బుతో ఇంటికి వెళుతుంది. ఇలాంటి చోట తెలివైన ఆపరేటరు రెండో పని వచ్చినా రాదనే చెబుతుంది. దీనికి పరిష్కారం సులభం. యాజమాన్యం కోరికపై మరో ఆపరేషన్‌కు వెళ్లిన రోజుకు, ఆమె గత నెల సగటు ఇన్సెంటివ్‌ను లేదా ఆ రోజు సంపాదించిన దాన్ని, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. దానికి తోడు, మూడు భాగాలు నిండిన ప్రతి ఆపరేషన్‌కూ గ్రేడులో, జీతంలో కనిపించే తేడా ఉండాలి. ఈ ఖర్చుకు వెనుకాడే యాజమాన్యం సంక్రాంతి మరునాడు సగం ఖాళీ మిషన్లతో లైను ఆపుకున్నప్పుడు అయ్యే నష్టాన్ని ఒకసారి లెక్క వేసి చూడాలి.

హెల్పర్ నుంచి సూపర్‌వైజర్ దాకా

లైనులో కూర్చున్నవారంతా మహిళలై, నిలబడి అజమాయిషీ చేసేవారంతా పురుషులై ఉండటం మన ఫ్లోర్లలో సాధారణ దృశ్యం. మహిళలు ముందుకు రావడం లేదని చెబుతారు. అడిగే పద్ధతి చూస్తే కారణం అర్థమవుతుంది. ఒక మంచి ఆపరేటరును పిలిచి, రేపటి నుంచి నువ్వే సూపర్‌వైజర్ అని చెబితే ఆమె భయపడుతుంది. ఆమెకు కుట్టు వచ్చు. సామర్థ్యం లెక్క వేయడం, రిపోర్టు రాయడం, మెయిల్ చదవడం, పని సమయాలను లెక్కకట్టే ఐ.ఇ. (ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్) విభాగం పెట్టిన టార్గెట్ తప్పని సమావేశంలో చెప్పడం ఎవరూ నేర్పలేదు. నిన్నటి వరకు పక్క మిషను మీద కూర్చున్న వదినను ఈ రోజు పని అడగడం ఇంకా కష్టం.

అందుచేత ఎంపికకూ నియామకానికీ మధ్య కనీసం మూడు నెలల సహాయక సూపర్‌వైజర్ దశ ఉండాలి. ఆ దశలో జీతం పెరగాలి, పొరపాటుకు శిక్ష ఉండకూడదు. మొదట గంట బోర్డు, తరువాత లైను సమతుల్యం (ఒకరి దగ్గరే పని పేరుకోకుండా పంచడం), చివరగా ఉదయపు సమావేశంలో మాట్లాడటం అన్న వరుసలో ఒక్కొక్కటే అప్పగించాలి. పూర్తి బాధ్యత ఇచ్చేటప్పుడు ఆమె కూర్చున్న లైను కాకుండా వేరే లైను ఇవ్వడం మేలు. ఆమె ఇంటికి సంక్షేమ అధికారి ఒకసారి వెళ్లి, షిఫ్టు తరువాత అరగంట ఉండవలసి వస్తుందనీ, ఆ సమయానికి బస్సు ఏర్పాటు ఉందనీ భర్తకో అత్తగారికో వివరించడం మన సమాజంలో చాలా పనిచేస్తుంది. ఆమె సమ్మతితోనే వెళ్లాలన్నది మరచిపోకూడదు.

పదో తరగతితోనో, అంతకు ముందో చదువు ఆగిపోయినవారికి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా టెన్త్, ఇంటర్ పూర్తి చేసే దారి ఉంది. ఫీజు కట్టి, పరీక్ష రోజులకు జీతంతో కూడిన సెలవు ఇస్తే అది చాలామందికి కంపెనీ చేసే ఏ బహుమతికన్నా విలువైనదవుతుంది. మిషన్ల మరమ్మతు మీద ఆసక్తి ఉన్న ఆపరేటర్లను మెకానిక్ పనిలోకి తీసుకోవడం గురించి కూడా ఆలోచించాలి. కంచరపాలెంలో ప్రభుత్వ ఐ.టి.ఐ. ఉన్న నగరంలో మహిళా మెకానిక్ కనిపించకపోవడానికి కారణం అలవాటే.

ఇటువంటి శిక్షణ యజమానికి నష్టమని భావించేవారికి బెంగళూరు ఉదాహరణ చెప్పవచ్చు. అమెరికా దుస్తుల సంస్థ గ్యాప్ 2007లో మొదలుపెట్టిన 'పేస్' అనే కార్యక్రమం మహిళా ఉద్యోగులకు మాట్లాడే తీరు, సమయపాలన, సమస్యను విడగొట్టి పరిష్కరించడం, డబ్బు నిర్వహణ వంటివి పని గంటల్లోనే నేర్పుతుంది. ఆర్థికవేత్తలు బెంగళూరులోని కర్మాగారాల్లో లాటరీ పద్ధతిన కొందరిని ఎంచుకుని ఈ శిక్షణ ఇప్పించి, మిగిలినవారితో పోల్చి చూసినప్పుడు, శిక్షణ పొందినవారి ఉత్పాదకత స్పష్టంగా పెరిగింది, పెట్టిన ఖర్చుకు రెట్టింపుకు మించి కంపెనీకి తిరిగి వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ పాఠాల్లో కుట్టుపని లేదు.

ఎండ, పండుగ, తుపాను, ఆర్డరు

తట్టుకోవలసిన దెబ్బల్లో సగం ముందే తెలిసినవి. వాటికి ఆశ్చర్యపోవడం మానుకుంటే సగం పని అయినట్లే.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు విశాఖ తీరంలో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. తడి ప్యాడ్ల మీదుగా గాలి పంపే కూలర్లు పొడి ప్రాంతాల్లో ఇచ్చినంత చల్లదనం తేమ నిండిన మన గాలిలో ఇవ్వలేవు. కనుక ఎగ్జాస్ట్ ఫ్యాన్ల సంఖ్య, గాలి కదలిక, పైకప్పు మీద వేడిని తిప్పికొట్టే పూత, ఐరనింగ్ విభాగాన్ని కుట్టు లైన్ల నుంచి వేరుచేయడం వంటి వాటిపై దృష్టి పెట్టాలి. బెంగళూరు కర్మాగారాల్లో మిషన్ల మీది పాత ట్యూబ్‌లైట్ల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు పెట్టినప్పుడు, కరెంటు ఆదా కావడమే కాకుండా, దీపాల వేడి తగ్గి, ఎండ రోజుల్లో ఉత్పత్తి పడిపోవడం కూడా బాగా తగ్గిందని పరిశోధకులు గుర్తించారు. ఆ నెలల్లో ఓ.ఆర్.ఎస్. నీళ్లు క్యాంటీన్‌లో పెట్టి ఊరుకోకుండా లైను వద్దకే తీసుకురావాలి, ఐరనింగ్ వారిని గంటకోసారి మార్చాలి.

పండుగల విషయానికి వస్తే, సంక్రాంతికి ఊరు వెళ్లకుండా ఆపగలిగిన కంపెనీ ఉత్తరాంధ్రలో లేదు. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతర కూడా అలాంటిదే. డిసెంబరు మొదట్లోనే సెలవుల పట్టిక తెరిచి, ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు కనుమ తరువాత వెళ్లాలి అన్నది లైనులోనే వారితోనే మాట్లాడించి నిర్ణయిస్తే, చెప్పకుండా మానేసేవారి సంఖ్య తగ్గుతుంది. చెప్పి వెళ్లినవారిని తిరిగి వచ్చిన రోజున నిలదీయకూడదు. పది రోజులు ఆలస్యమైనా ఫోను చేసి, "అమ్మా, మీ మిషను అలాగే ఉంది, ఎప్పుడు వస్తారు?" అని అడిగితే చాలామంది వస్తారు; అలా అడగకపోతే తిడతారన్న భయంతోనే రాకుండా ఉండిపోతారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. అటువంటి సమయానికి బస్సు మార్గాల వారీగా ఉద్యోగుల జాబితా కాగితం మీద ఉండాలి, ప్రతి మార్గానికీ ఒక బాధ్యురాలు ఉండాలి, మూతపడిన రోజుల జీతం సంగతి తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే చెప్పాలి, ఇల్లు దెబ్బతిన్నవారికి వడ్డీ లేని అడ్వాన్సు ఇచ్చే అధికారం సంక్షేమ అధికారికి ముందుగానే ఇచ్చి ఉంచాలి. 2022 జూన్, ఆగస్టు నెలల్లో అచ్యుతాపురంలో విషవాయువు పీల్చి వందలాది మహిళా కార్మికులు అస్వస్థతకు గురైన సంఘటనలు, మన పక్కన రసాయన, ఔషధ పరిశ్రమలు ఉన్నాయన్న వాస్తవాన్ని ఎప్పటికీ గుర్తు చేస్తుంటాయి. అగ్నిప్రమాద విన్యాసం ఒక్కటే సరిపోదు. వాయువు వాసన వస్తే ఎటు వెళ్లాలి, గాలివాలుకు అడ్డంగా ఎలా కదలాలి, గర్భిణులను ఎవరు తీసుకువెళ్లాలి అన్నది ప్రతి లైనులోనూ సాధన చేయించాలి. వాసన వస్తోందని చెప్పి లేచిన మొదటి మనిషిని, తరువాత అది తప్పని తేలినా, ఎవరూ మందలించకూడదు.

ఆర్డర్ల దెబ్బ వేరే రకమైనది. 2025 ఆగస్టులో భారత వస్తువులపై అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు ఫ్లోర్ల మీద పుకార్లు ఆర్డర్ల రద్దు కంటే వేగంగా పాకాయి. ఇటువంటి సమయంలో తెలిసినంత మేరకు నిజం చెప్పడం, ఓవర్‌టైమ్ తగ్గుతుందంటే ఏ నెల నుంచి తగ్గుతుందో ముందే చెప్పడం కనీస మర్యాద. ఓవర్‌టైమ్ రెట్టింపు వేతనాన్ని నమ్ముకుని చిట్టీలు కట్టేవారు, డ్వాక్రా అప్పు వాయిదాలు చెల్లించేవారు లైనులో ఎంతోమంది ఉంటారు. నెల ముందు తెలిస్తే వారు సర్దుకోగలరు.

జీతం చీటీ వెనుక ఉన్న భద్రత

మొదటి జీతం వచ్చిన రోజున ప్రతి కొత్త ఉద్యోగినితో కూర్చుని చీటీలోని ప్రతి వరుసనూ చదివి వినిపించాలి. "కోత" అని మాత్రమే ఆమెకు తెలిసిన అంకెల్లోనే ఆమె భద్రత ఉంది. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారి నుంచి ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) కింద 0.75 శాతం మినహాయిస్తారు, యాజమాన్యం 3.25 శాతం కలుపుతుంది. దానికి బదులుగా కుటుంబానికి వైద్యం మాత్రమే కాక, నిర్ణీత రోజుల చందా ఉన్నవారికి జబ్బు చేసినప్పుడు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు నగదు కూడా వస్తుంది. మల్కాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్లడం తెలిసినవారికి కూడా ఈ నగదు సంగతి తెలియదు. జీతం పోతుందన్న భయంతో జ్వరంలోనే మిషను ఎక్కుతారు.

భవిష్యనిధి విషయంలో జరిగే నష్టం మరింత నిశ్శబ్దమైనది. ఒక కంపెనీ నుంచి ఇంకొక దానికి మారిన ప్రతిసారీ డబ్బు తీసేసుకోవడం వల్ల సర్వీసు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. పదేళ్ల సర్వీసు నిండితేనే పింఛను అర్హత కనుక, పాత యు.ఎ.ఎన్. సంఖ్యనే (భవిష్యనిధిలో ప్రతి ఉద్యోగికీ ఉండే శాశ్వత సంఖ్య) కొత్త కంపెనీలో ఇవ్వాలని, ఖాతాను బదిలీ చేయించుకోవాలని మానేసి వెళ్లేవారికి సైతం చెప్పి పంపాలి. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ కంపెనీ రికార్డుతో సరిపోయేటట్లు చేరిన నెలలోనే సరిచేయిస్తే, తరువాత ఏళ్ల తరబడి తిరగవలసిన బాధ తప్పుతుంది.

మాట వినే ఏర్పాటు

సలహాల పెట్టె గోడకు తగిలించడం సులువు. దానిలో పడిన ప్రతి చీటీకీ వారంలోపు నోటీసు బోర్డు మీద జవాబు రాయడం కష్టం. జవాబు లేని పెట్టె లేకపోవడమే మేలు. చేయలేని పనికి, చేయలేము, కారణం ఇది అని రాసినా సరే, ఉద్యోగులు గౌరవిస్తారు. కర్ణాటకలో 2016లో వేతన పెంపు ఆశించినంత రాక ఉద్యోగులు నిరాశ చెందిన సమయంలో, దుస్తుల కర్మాగారాల్లో కొందరికి తమ అభిప్రాయాన్ని పేరు లేకుండా చెప్పే అవకాశం ఇచ్చి చూశారు. ఆ అవకాశం దొరికినవారిలో మానేసినవారి శాతం, దొరకనివారితో పోలిస్తే సుమారు ఐదో వంతు తక్కువగా ఉంది. జీతం ఇద్దరికీ ఒకటే.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా మహిళలుండాలి, కంపెనీ బయటి నుంచి ఒక సభ్యురాలు గానీ సభ్యుడు గానీ ఉండాలి. ఫిర్యాదుకు సాధారణంగా మూడు నెలల గడువు. సభ్యుల పేర్లు, ఫొటోలు బస్సుల్లో కూడా అంటించాలి. ఎందుకంటే ఆపరేటరుకు ప్రశాంతంగా ఆలోచించుకునే సమయం దొరికేది బస్సులోనే. కమిటీలో లైను నుంచి ఒక ఆపరేటరు సభ్యురాలిగా లేకపోతే, ఆ కమిటీ మీద ఎవరికీ నమ్మకం కలగదు. కంపెనీ బయటి సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181 సంఖ్యను, మనసు బాగాలేనప్పుడు తెలుగులోనూ మాట్లాడగలిగే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 సంఖ్యను గుర్తింపు కార్డు వెనుక ముద్రించాలి. రాత్రుళ్లు నిద్ర లేక, తరచూ ఏడుస్తూ, పనిలో ధ్యాస లేక కనిపించే ఉద్యోగినిని సూపర్‌వైజరు ప్రశ్నలతో వేధించకుండా కౌన్సెలర్ దగ్గరకు పంపాలి. అవసరమైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు సెలవు ఇచ్చి, తోడు ఇచ్చి పంపాలి. ఆ సెలవు కారణం హాజరు పట్టీలో రాయకూడదు.

ప్రసూతి తరువాత తిరిగి వచ్చే ఉద్యోగిని విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఐదారేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్లను మనం ఎక్కువగా ఇక్కడే పోగొట్టుకుంటున్నాం. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు చట్టం ఇచ్చినదే. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం కూడా చట్టమే ఇచ్చింది, 50 మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్ (పసిపిల్లల సంరక్షణ గది) ఉండాలన్నదీ చట్టమే. వీటికి మించి మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. సెలవుకు వెళ్లే ముందే తిరిగి వచ్చే తేదీ, అప్పుడు ఫోను చేయవలసిన మనిషి పేరు రాసి ఇవ్వాలి. వచ్చాక ఆమెకు బాగా అలవాటైన పాత ఆపరేషన్‌నే, క్రెష్‌కు దగ్గరగా ఉన్న లైనులో ఇచ్చి, మొదటి నెల టార్గెట్‌ను మెట్లుగా పెంచాలి. విరామానికి వెళ్లే నిమిషాలను రిలీవరుతో నింపి ఆమె సామర్థ్యం లెక్కలోంచి తీసివేయాలి. ఆమె లేని ఆరు నెలల్లో నైపుణ్య పట్టికలోని ఆమె వరుసను చెరిపివేయకుండా, "ప్రసూతి సెలవు" అని రాసి, ఆమె సంపాదించుకున్న గడులన్నీ నిండుగానే ఉంచాలి. గ్రేడు పెంపు ఆ మధ్యలో వస్తే ఆమెకూ వర్తింపజేయాలి.